సముద్రానికి దినచర్య

ఈఈ దివాకరం గారు శిక్షణ కోసమని కొండ మీది ఊరికి వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక ఉదయాన్ని వెంట తెచ్చుకున్నారు.

అంతకుముందు ఆయన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉన్న మురుగు పారుదల డివిజన్‌లో ఉదయాలు లేవని కాదు. తెల్లవారేది, కోళ్ళు కూసేవి, సిబ్బంది ఎవరి తంటాలు వాళ్ళు పడి ఆఫీసుకు చేరేవారు. అయితే అవన్నీ ఆలోచన లేని ఉదయాలని, వాటివల్ల రాష్ట్రానికి ఒరిగిందేమీ లేదని శిక్షణలో తేలింది. దివాకరం గారు ఊళ్ళో దిగిన మర్నాడే ‘ఉషస్సంకల్పం’ పేరుతో ఉత్తర్వు వెలువడింది.

“శాఖలోని సమస్త సిబ్బంది బ్రాహ్మీ ముహూర్తమున నిద్ర లేవవలెను. తమ పక్క తామే మడవవలెను. గోరువెచ్చని నీరు త్రాగి, మౌనము, కృతజ్ఞత, వ్యాయామము, సద్గ్రంథ పఠనము, లక్ష్య లేఖనము, చన్నీటి స్నానము అను మెట్లను వరుస తప్పక ఎక్కవలెను. అంతవరకు సెల్‌ఫోన్లు ఆపివేయవలెను. ప్రతి మెట్టుకు సంబంధించిన ఫొటోను ఎప్పటికప్పుడు సెల్‌ఫోను ద్వారా పంపవలెను.”

ఆపేసిన సెల్‌ఫోనుతో ఫొటో ఎలా పంపాలని ఎవరో అడిగారు. సాయంత్రానికి వివరణ వచ్చింది. “కొందరు సిబ్బంది తమ ప్రతికూల దృక్పథమును చాటుకొనిరి. ఫొటోలు కుటుంబ సభ్యుల సెల్‌ఫోన్ల నుండి పంపవలెను. కుటుంబము లేనివారు తక్షణమే సమకూర్చుకొనవలెను.”

చింతలమొగ సెక్షన్ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కడలి సత్యవేణికి ఈ ఉత్తర్వు అందేసరికి ఆవిడ మోకాళ్ళదాకా బురదలో ఉంది. చింతలమొగ అంటే చుట్టుపక్కల ఊళ్ళ మురుగు కాలువలన్నీ కలిసి సముద్రంలో పడే చోటు. అక్కడ పెద్ద ఇనప తలుపులతో ఒక స్లూయిజు ఉంది. సముద్రం పాటు మీద, అంటే వెనక్కి తగ్గి ఉన్నప్పుడు తలుపులు ఎత్తితే చేలల్లో నిలిచిన వాన నీరంతా బయటికి పోతుంది. పోటు మీద, అంటే పొంగి ఉన్నప్పుడు తలుపులు దించెయ్యాలి. లేకపోతే సముద్రమే చేలల్లోకి వచ్చేస్తుంది. ఉద్యోగం మొత్తం ఇంతే. చిక్కల్లా ఏమిటంటే పాటు రోజూ ఒకే వేళకు రాదు. ఇవాళ తెల్లవారుజామున వస్తే నాలుగు రోజులకు పొద్దెక్కి వస్తుంది, ఇంకొన్నాళ్ళకు నడిమధ్యాహ్నం వస్తుంది. పదకొండేళ్ళుగా సత్యవేణి నిద్ర, తిండి, తలంటు, అన్నీ సముద్రం వీలును బట్టే జరుగుతున్నాయి.

ఆవిడ భర్త లారీ మీద కొబ్బరికాయలు వేసుకుని నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తగారు సూరమ్మ. కాబట్టి ఫొటోలు తియ్యాల్సిన కుటుంబ సభ్యురాలు సూరమ్మే అయింది.

మొదటి రోజు సత్యవేణి స్లూయిజు దగ్గర్నుంచి వచ్చీ రాగానే చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. సూరమ్మ ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగింది.

“కదలకే అమ్మాయ్, బొమ్మ మసగ్గా వత్తంది. ఇదేంటి, మౌనవేనా?”

“మౌనమేనండి.”

“మరి మాట్టాడతావేంటే?”

మౌనం అయ్యాక కృతజ్ఞత మెట్టు వచ్చింది. సూరమ్మకు అర్థం కాలేదు. “దాన్నెలా తియ్యాలే?”

“ముఖంలో కనబడాలంట అత్తయ్యా.”

“నీ మొకంలో నిద్ర కనబడతంది.”

“అదే పంపేయండి.”

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. “కృతజ్ఞత సంతృప్తికరము. మరింత లోతు అవసరము.”

పది రోజులు గడిచేసరికి సిబ్బందిలో కొందరు ఒకే ఫొటోను చొక్కా రంగు మార్చి పంపుతున్నారని బయటపడింది. దివాకరం గారు నొచ్చుకుని, ఇక మీదట మెట్లన్నీ ఆఫీసు హాల్లో, తమ సమక్షంలో ఎక్కాలని ఆదేశించారు. హాల్లో చాపలు పరిచారు. ఫైళ్ళ బీరువాలు అడ్డంగా ఉన్నాయని వరండాలోకి జరిపారు. ఒక్కొక్కరి లక్ష్యాన్ని దివాకరం గారు స్వయంగా చదివి, నచ్చకపోతే తిరిగి రాయించేవారు కనుక ఆ మెట్టు దగ్గరే మధ్యాహ్నం అయ్యేది. స్నానాల గది ఒకటే ఉండటంతో చన్నీటి మెట్టుకు సాయంత్రం దాకా వరస ఉండేది. ఆఫీసు పని ఎప్పుడన్న ప్రశ్నకు మరో ఉత్తర్వు సమాధానం చెప్పింది. “మెట్లన్నియు పూర్తియగు వరకు ఉదయముగానే పరిగణించవలెను.”

గుర్రపుడెక్క పెరిగి కాలువ పూడిపోయిందని అర్జీ ఇవ్వడానికి చింతలమొగ రైతు మట్టపర్తి ధనరాజు ఒంటిగంటకు వచ్చాడు. గుమ్మంలో ‘ఉదయం జరుగుచున్నది, నిశ్శబ్దము’ అని బోర్డు వేలాడుతోంది. సూపరింటెండెంట్ పట్టాభి తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

“ఇప్పుడు కాదండీ. ఇంకా తెల్లవారలేదు.”

ధనరాజు ఎండలోకి ఓసారి చూసి, “నేను మజ్జాన్నం బోయినం చేసొచ్చానండి” అన్నాడు.

“అది మీ వ్యక్తిగత విషయం. కార్యాలయానికి తెల్లవారలేదు.”

“ఎప్పుడు తెల్లారుద్దండి?”

“అయ్యగారి స్నానం అయ్యాక.”

“అప్పటికి ఆఫీసు కట్టేత్తారు కదండి?”

“కట్టేస్తాం. పొద్దుగూకాక పనిచేయడం దినచర్యకు విరుద్ధం.”

ధనరాజు అర్జీని మడిచి జేబులో పెట్టుకుని, ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళను కూడగట్టి గుర్రపుడెక్క తనే పీకించుకున్నాడు. కాలువ బాగుపడింది. ఆ నెల నివేదికలో ఈ ఫలితాన్ని ఉషస్సంకల్పం ఖాతాలో వేశారు.

సత్యవేణికి మాత్రం గండం తప్పలేదు. హాల్లో మౌనం నడుస్తున్న వేళ ఆవిడ స్లూయిజు దగ్గర ఉంటోంది. మెమో వచ్చింది. ఆ వెంటే పిలుపు వచ్చింది.

“సత్యవేణి గారూ, ఉదయ సూచికలో మీ సెక్షన్ అట్టడుగున ఉంది” అన్నారు దివాకరం గారు.

“పాటు తెల్లవారుజామున వచ్చిందండి. తలుపులు ఎత్తడానికి వెళ్ళాం.”

“నిన్న అంటే సరే. మొన్న?”

“మొన్న ఇంకా ముందే వచ్చిందండి. రేపు ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది.”

దివాకరం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అంటే రోజుకో వేళ! ఈ క్రమశిక్షణారాహిత్యం ఎన్నాళ్ళనుంచి సాగుతోంది?”

“సముద్రం పుట్టిన దగ్గర్నుంచండి.”

“నాకు ముందు పనిచేసిన అధికారులు ఉపేక్షించారన్నమాట.”

సత్యవేణి నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకుంది. “చంద్రుణ్ణి బట్టి జరుగుతుందండి అది” అంది.

“చంద్రుడు మన పరిధిలోకి రాడు. సముద్రం వస్తుంది. తీరం వెంట మన హద్దురాళ్ళు ఉన్నాయి.” ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “అలవాటు అనేది ప్రాణికైనా పదార్థానికైనా ఒకటేనండీ. మండలం రోజులు నియమంగా చేయిస్తే ఏదైనా వంటబడుతుంది. మా ఇంట్లో బోరు మోటారు ఇప్పుడు తెల్లవారుజామునే నీళ్ళిస్తోంది, తెలుసా?”

“ఆ వేళకే కరెంటు ఇస్తున్నారు కదండి.”

“కారణాలు వెతికేవాళ్ళు మెట్లెక్కలేరు” అన్నారాయన.

ఉత్తర్వు ఆ పూటే తయారైంది. మండలం రోజుల పాటు స్లూయిజు తలుపులు సరిగ్గా సూర్యోదయానికి ఎత్తాలి. ఆ వేళకే నీటిని తీసుకుపోవడం సముద్రానికి అలవాటు చేయాలి. వేరే వేళల్లో తలుపులు ఎత్తితే దాని బద్ధకాన్ని ప్రోత్సహించినట్టు అవుతుంది కనుక శాఖాపరమైన చర్య ఉంటుంది.

వారం గడిచి మండలం మొదలైన రోజు సూర్యోదయానికి సముద్రం నిండు పోటు మీద ఉంది. తలుపులకు అవతల నీళ్ళు గుభీగుభీమని కొట్టుకుంటున్నాయి. ఇవతల కాలువ గట్టు దిగువన నారుమళ్ళు మొలకెత్తి లేత పచ్చగా ఉన్నాయి. లష్కరు ముసలయ్య, అంటే తలుపుల చక్రం తిప్పే మనిషి, ఆవిడకేసి చూశాడు.

“ఏం చేద్దావండి అమ్మగారూ? ఎత్తేద్దావా?”

“ఎత్తితే?”

“ఏముందండి, సముద్రం ధనరాజు గారి నారుమళ్ళో కాళ్ళు కడుక్కుని పోద్ది.”

సత్యవేణికి ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. ఇంటి మీద అప్పు, లారీ మీద అప్పు, రెంటికీ ఆవిడ జీతమే ఆధారం. నారు వంక, చక్రం వంక మార్చి మార్చి చూసింది. ఉప్పు తగిలిన నారు మూడు రోజుల్లో ఎర్రబడిపోతుంది. అప్పుడు ఆ రైతుల దగ్గర కూర్చుని ఏ మెట్టు గురించి చెప్పాలి?

“పాటుకే ఎత్తుదాం ముసలయ్యా. కాగితం సంగతి నేను చూసుకుంటాను.”

తలుపులు మధ్యాహ్నం ఎత్తారు. నివేదికలో మాత్రం “సూర్యోదయమున తలుపులు ఎత్తబడినవి, నీరు సముద్రము వైపు ప్రవహించినది” అని రాసింది. ఉద్యోగంలో చేరాక రాసిన మొదటి అబద్ధం అది. అక్షరాలు కాస్త వంకరపోయాయి. మర్నాడు నిటారుగా నిలబడ్డాయి. వారం తిరిగేసరికి గుండ్రంగా కూడా వచ్చాయి.

ఇక దివాకరం గారి ఆనందానికి పట్టపగ్గాలు లేకపోయాయి. సముద్రం తొలిరోజు నుంచే లొంగిపోయింది! ఉదయ సూచికలో చింతలమొగ సెక్షన్ మొదటి స్థానానికి ఎగబాకింది. హాల్లో ఆవులించినవారిని నిలబెట్టి, “ఒళ్ళు దాచుకోని సముద్రాన్ని చూసి నేర్చుకోండి. అంత పెద్దది, ఒక్కరోజు సెలవు పెట్టలేదు” అనేవారు. మండలం నిండిన రోజున ‘ఉత్తమ దినచర్యాపరుడు’ అని సముద్రం పేరిట ప్రశంసాపత్రం అచ్చువేయించి స్లూయిజు గోడకు తగిలించారు.

వార్త పైకి పాకింది. చీఫ్ ఇంజనీరు గారు కబురు పంపారు. రాబోయే అమావాస్య వెళ్ళిన మర్నాడు తాము పరివారంతో వచ్చి, సముద్రం సూర్యోదయానికి విధులకు హాజరు కావడాన్ని స్వయంగా తిలకిస్తామని, అది బాగుంటే తదుపరి దశలో నదులను, ఆపైన వానను కూడా ఈ పథకంలోకి తెస్తామని తెలియజేశారు.

సత్యవేణి లెక్క వేసుకుంది. ఆ రోజు సూర్యోదయానికి నిండు పోటు. అదీ అమావాస్య పోటు, తలుపుల నెత్తి మీదికి వస్తుంది. రెండు రోజులు చూసి, ఇక లాభం లేదని దివాకరం గారి గదిలోకి వెళ్ళి నిలబడింది.

“సార్, నేను రాసిందంతా అబద్ధమండి. తలుపులు పాటుకే ఎత్తాం. సముద్రం ఏమీ నేర్చుకోలేదు.”

ఆయన కోప్పడతారనుకుంది. సస్పెండు చేస్తారనుకుంది. ఆయన కళ్ళు చెమర్చాయి.

“మీ వినయం చూస్తే ముచ్చటేస్తోంది సత్యవేణి గారూ. గొప్ప విజయం సాధించినవాళ్ళకే తాము ఏమీ సాధించలేదన్న అనుమానం వస్తుందట. శిక్షణలో ఒక పూటంతా దీని మీదే చెప్పారు.”

“అనుమానం కాదండి, నిజం!”

“తీవ్రంగా ఉన్నప్పుడు నిజమనే అనిపిస్తుందట” అని ఆయన జాలిగా తలూపారు. “రికార్డు ఉంది. మీ సంతకం ఉంది. మీమీద మీకు నమ్మకం లేకపోయినా మీ సంతకం మీద నాకు నమ్మకం ఉంది. వెళ్ళి పడుకోండి.”

ఆ రోజు రానే వచ్చింది. చీకటితోనే కార్లు బారులు తీరాయి. గట్టు మీద షామియానా, టిఫిన్లకు వేరే డేరా వేశారు. వెనక నీళ్ళు పారుతుంటే ముందు మౌనంలో అధికారులు ఉంటే ఫొటో బాగుంటుందని, కాలువ వైపు రేవు మెట్ల మీద, తలుపులకు ఇవతలగా చాపలు పరిచారు. చీఫ్ ఇంజనీరు గారు అడుగు మెట్టు మీద కూర్చున్నారు. పట్టాభి ఆయన పక్కన కూర్చున్నాడు. గంట మోగేదాకా ఎవరూ కళ్ళు తెరవరాదని, ఎట్టి పరిస్థితుల్లోనూ మాట్లాడరాదని ప్రకటించి, దివాకరం గారు గంటను పక్కనే చాప మీద ఉంచి స్లూయిజు మీదికి వచ్చారు. చక్రం దగ్గర సత్యవేణి, ముసలయ్య ఉన్నారు.

సూర్యుడు నీళ్ళలోంచి ఎర్రగా లేచాడు. దివాకరం గారు చేత్తో సైగ చేశారు.

“ఎత్తనండి” అంది సత్యవేణి.

ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని మళ్ళీ సైగ చేశారు.

“పోటు మీద ఉందండి. అటు చూడండి, తలుపు అంచు దాకా వచ్చేసింది. కింద మనుషులున్నారు. పోనీ నన్ను సస్పెండు చెయ్యండి, ఎత్తను.”

ముసలయ్య చేతులు జోడించాడు. “అయ్యా, వొద్దండి బాబూ.”

దివాకరం గారు ఇద్దరినీ పక్కకు నెట్టి, చక్రాన్ని స్వయంగా పట్టుకున్నారు. రోజూ వ్యాయామ మెట్టు ఎక్కుతున్న మనిషి కావడంతో చక్రం సులువుగానే తిరిగింది. తలుపు జానెడు లేచింది.

సముద్రం విధులకు హాజరైంది.

మొదట నీళ్ళు అడుగు మెట్టు మీది పాదాలను తాకాయి. ఎవరూ కళ్ళు తెరవలేదు. ఇది కార్యక్రమంలో భాగమేనని పట్టాభి చిరునవ్వు నవ్వాడు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. శరీరం తేలికైన భావన కలుగుతుందని శిక్షణలో చెప్పారు కనుక కొందరు లోలోపల ఎంతో సంతోషించారు. చాపలు పైకి తేలాయి. గంట చాపతో సహా కాలువ వెంట పైకి ప్రయాణం కట్టింది. గంట మోగనిదే కళ్ళు తెరవకూడదు కనుక, రొమ్ము లోతు నీళ్ళలో ఇరవై మంది ఇంజనీర్లు కళ్ళు మూసుకుని నిశ్చలంగా ఉన్నారు. ఆ ఒక్క నిమిషం శాఖ చరిత్రలోనే అత్యున్నత స్థాయి క్రమశిక్షణ అని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

అవతలి గట్టు మీంచి ధనరాజు గొంతు వినబడింది. “ఓరి నాయనోయ్! ఉప్పునీళ్ళండోయ్! లెగండయ్యా బాబూ, మునిగిపోతారు!”

సత్యవేణి దివాకరం గారి చేతులు చక్రం మీంచి ఊడబీకింది. ఆవిడా ముసలయ్యా ఒంటి బరువంతా వేసి తిప్పారు. తలుపు కిరకిరమంటూ దిగింది. ఆ చప్పుడుకు అప్పటిదాకా నిద్రలో ఉన్న చీఫ్ ఇంజనీరు గారు మేల్కొని, తమ చొక్కా జేబులో కదులుతున్నదేమిటా అని చెయ్యి పెట్టారు. రొయ్య.

మధ్యాహ్నం పాటు వచ్చేదాకా సత్యవేణి స్లూయిజు వదల్లేదు. పాటు రాగానే తలుపులన్నీ ఎత్తించి, కాలువలో చేరిన ఉప్పునీటిని మొత్తం సముద్రానికి అప్పజెప్పింది. ధనరాజు నారులో కాలువను ఆనుకున్న ఒక మడి మాత్రం పోయింది. మిగతావి దక్కాయి. “పోన్లెండి మేడమ్ గారూ, మడితో పోయింది” అంటూ ధనరాజు కొబ్బరిబొండం కొట్టి చేతికిచ్చాడు. పొద్దుట్నుంచి ఆవిడ కడుపులో పడింది అదే.

విచారణ సంఘం వేశారు. సంఘం ముందు సత్యవేణి మళ్ళీ నిజమే చెప్పింది. ఆమె మానసిక స్థితి గురించి దివాకరం గారు ముందే వివరించి ఉన్నందువల్ల సభ్యులు సానుభూతితో విని, రికార్డులే నమ్మారు. రికార్డుల ప్రకారం సముద్రం మండలం రోజులు నియమం తప్పలేదు. కనుక ఆ ఒక్కరోజు బుద్ధిపూర్వకంగానే తప్పిందని తేల్చారు. సంజాయిషీ అడగాలంటే అది ఏ హోదా ఉద్యోగో తెలియాలి. పట్టాభి సిబ్బంది పట్టికలన్నీ తిరగేసి, శాఖలో సముద్రానికి మంజూరైన పోస్టే లేదని కనిపెట్టాడు. పోస్టు లేనివారికి దినచర్య వర్తించదు. వర్తించనప్పుడు ఉల్లంఘన లేదు. ప్రశంసాపత్రం గోడ మీంచి తీయించి, సముద్రం మీద చర్యను ఉపసంహరించారు.

అందులోంచే ఇంకో ఉత్తర్వు పుట్టింది. “దినచర్య లేని సముద్రము యొక్క వేళలను బట్టి పనిచేయు చింతలమొగ సెక్షన్ ఏఈకిని, లష్కరుకును ఉదయము వర్తించదు. వారు ఉదయము లేని సిబ్బందిగా పరిగణింపబడుదురు. ఉదయము లేనివారు పదోన్నతికి అనర్హులు.” దాంతోపాటు, మౌన సమయంలో మాట్లాడినందుకు సత్యవేణికి ఒక మెమో కూడా జతచేశారు. దివాకరం గారిని, ఇంతటి అనుభవం వృథా కాకూడదని, కొండ మీది శిక్షణ కేంద్రానికి డైరెక్టరుగా పంపారు.

కాగితం చదివి సత్యవేణి దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది. పదోన్నతి పోయినందుకు ఏడవాలనిపించింది. కానీ ఏడుపుకన్నా ముందు నిద్ర వచ్చింది.

మర్నాడు పాటు మధ్యాహ్నానికి గాని లేదు. ఎండ కిటికీలోంచి మంచం మీదికి పాకింది. సత్యవేణి అటు తిరిగి పడుకుంది. ఫోను మోగింది. సూరమ్మ తీసింది. అవతల పట్టాభి. కొత్త ఈఈ గారు వచ్చారట, ఉషస్సంకల్పానికి ఇంకొన్ని మెట్లు కలుపుతున్నారట, మేడమ్ గారు వెంటనే హాల్లో ఉండాలట.

సూరమ్మ కోడలి వంక చూసింది. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి మంచం కిందికి వేలాడేసి, పదకొండేళ్ళ నిద్ర ఒక్కసారే పోతున్నట్టుంది. లేచి వెళ్ళి దుప్పటి భుజం దాకా లాగి, తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి అంది.

“మా కోడలికి పొద్దుట పూట లేదండి. మీరే కాయితం ఇచ్చారు కదండి. మజ్జాన్నం నుంచి మొదలవుద్దావిడికి. అప్పుడు చెయ్యండి.”

ఫోను ఆపేసి, పాలు పొయ్యి మీద పెట్టింది.